ఐటీఓ గాజుకు ఒకే విధంగా యూవీ–ఓజోన్ శుద్ధి చేసినా ఒక్కో ఓఎల్‌ఈడీ ఒక్కో వోల్టేజి వద్ద వెలగడానికి కారణమేమిటి?

కాంతిరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కోస్తా ఆంధ్రలోని ఒక విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఓఎల్‌ఈడీల (విద్యుత్తు ప్రవహిస్తే వెలిగే పలుచని సేంద్రియ పొరల దీపాల) మీద పరిశోధన చేస్తున్నాను. మేము తయారుచేసే పరికరం ఈ రంగంలోకి వచ్చినవారందరూ మొదట నేర్చుకునేదే. గాజు పలక మీద 150 నానోమీటర్ల మందం గల ఇండియం టిన్ ఆక్సైడ్, అంటే ఐటీఓ పొర ఉంటుంది. దాని మీద హోల్స్‌ను (ధనావేశాల్లా కదిలే ఎలక్ట్రాన్ ఖాళీలను) మోసే ఎన్‌పీబీ అనే సేంద్రియ పదార్థం 40 నానోమీటర్లు, ఆకుపచ్చని వెలుగునిచ్చే ఏఎల్‌క్యూ3 60 నానోమీటర్లు, ఆపైన ఒక్క నానోమీటరు లిథియం ఫ్లోరైడ్, చివరగా అల్యూమినియం వేస్తాము. ఐటీఓ షీట్ నిరోధం చదరానికి సుమారు 15 ఓమ్‌లు.

పలకలను డిటర్జెంటు నీటిలో, డీఅయనైజ్డ్ నీటిలో, అసిటోన్‌లో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వరుసగా ఉంచి అల్ట్రాసోనిక్ బాత్‌లో కడుగుతాము. ఆ తరువాత ఊది, ఓవెన్‌లో ఆరబెట్టి, అతినీలలోహిత కాంతి, ఓజోన్‌లతో ఉపరితలాన్ని శుభ్రపరిచే యూవీ–ఓజోన్ పెట్టెలో 15 నిమిషాలు ఉంచుతాము. పదార్థాలను వేడిచేసి పొరలుగా వేసే మా శూన్య ఛాంబర్‌లో ఒకసారికి ఒక్క పలక మాత్రమే పడుతుంది. అందువల్ల ఉదయాన్నే ఆరు పలకలను కలిపి శుద్ధి చేసి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లో భద్రపరచి, ఆ రోజూ మరునాడూ ఒకదాని తరువాత ఒకటిగా వాడుకుంటున్నాము.

మొదటి పలక మీద చేసిన పరికరం దాదాపు 3 వోల్టుల వద్ద వెలగడం మొదలుపెడుతుంది. చివరి పలకల మీద చేసినవి 5 వోల్టులకు దగ్గరగా వస్తే గానీ వెలగవు. వీటికి తోడు కొన్ని పిక్సెళ్లు మొదటి నుంచే షార్ట్ అయి ఉంటున్నాయి. శుద్ధి సరిపోవడం లేదేమోనని మా ప్రయోగశాలలో కొందరు, ఆక్సిజన్ ప్లాస్మా (అయనీకరించిన ఆక్సిజన్ వాయువుతో శుద్ధి చేసే) యంత్రం లేనిదే ఇది కుదరదని మరికొందరు అంటున్నారు. శుద్ధి చేసిన పలక మీద నీటి చుక్క వేస్తే చక్కగా పరచుకుంటోంది కనుక ఉపరితలం శుభ్రంగానే ఉందని నా అభిప్రాయం.

యూవీ–ఓజోన్ వల్ల ఐటీఓ ఉపరితలంలో నిజంగా ఏమి మారుతుంది? సమయం పెంచితే ప్రయోజనం ఉంటుందా? ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ (కాంతితో ఎలక్ట్రాన్లను వెలికితీసి ఉపరితలాన్ని పరిశీలించే పద్ధతి) వంటి పరికరాలు అందుబాటులో లేని చోట, శుద్ధి సరిగా జరిగిందో లేదో తెలుసుకునే మార్గం ఏమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

పలుచని_పొర

కాంతిరేఖ గారికి, మీ వర్ణనలో జవాబు చాలావరకు ఉంది. శుద్ధి తక్కువై ఈ తేడా వస్తున్నట్లు నాకు అనిపించడం లేదు. శుద్ధి పూర్తయిన క్షణానికీ, ఎన్‌పీబీ మొదటి అణువు ఐటీఓ మీద పడే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధి మీ పలకల్లో ఒక్కోదానికి ఒక్కో విధంగా ఉంది. మొదటి పలకకు అది ఒక గంట ఉంటే, చివరిదానికి ఒక రోజు దాటుతోంది. శుద్ధి చేసిన ఐటీఓ ఉపరితలం అస్థిరమైనది. పెట్టెలో నుంచి బయటికి తీసిన నిమిషం నుంచే అది పాత స్థితికి మళ్లడం మొదలుపెడుతుంది. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే, శుద్ధి ఏమి చేస్తుందో కొంచెం వివరంగా చూడాలి.

మీ పెట్టెలో ఉన్నది తక్కువ పీడనపు పాదరస దీపం. అది ప్రధానంగా 184.9, 253.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని వెలువరిస్తుంది. మొదటిది గాలిలోని ఆక్సిజన్‌ను విడగొట్టి ఓజోన్‌ను పుట్టిస్తుంది, రెండవది ఆ ఓజోన్‌ను విడగొట్టి చురుకైన ఆక్సిజన్ పరమాణువులను పుట్టిస్తుంది. ఈ రెండు ఫోటాన్ల శక్తి వరుసగా 6.7, 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్–కార్బన్ బంధం తెగడానికి దాదాపు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు కనుక, ఉపరితలం మీద పేరుకున్న హైడ్రోకార్బన్ అణువులను ఆ కాంతి ఉత్తేజపరచి విడగొడుతూ ఉండగానే ఆక్సిజన్ పరమాణువులు వాటిని కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా, ఇతర చిన్న అణువులుగా మార్చి సాగనంపుతాయి. రెండూ కలిసి పనిచేయడమే ఈ పద్ధతి బలం. ఇక్కడ పలక దీపానికి ఎంత దగ్గరగా ఉందన్నది చాలా ముఖ్యం. 184.9 కాంతిని గాలిలోని ఆక్సిజనే పీల్చుకుంటుంది, 253.7 కాంతిని ఓజోన్ పీల్చుకుంటుంది. అందుచేత పలకకూ దీపానికీ మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లకు మించకుండా చూడండి. మీ పెట్టెలో పలకలు ఉంచే పళ్లెం ఎత్తును మార్చే వీలుంటే మొదట దానిని సరిచూడండి. దీపం వెలిగించిన వెంటనే పూర్తి తీవ్రత రాదు కాబట్టి, పలకలు పెట్టక ముందే కొన్ని నిమిషాలు వెలగనివ్వడం మంచిది.

కార్బన్‌ను తొలగించడం ఈ పనిలో సగం మాత్రమే. ఎలక్ట్రాన్‌ను ఉపరితలం నుంచి బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, అనగా పని ప్రమేయం, మన పరికరానికి అసలైన రాశి. 1996లో పార్క్, చూంగ్, గావ్, షే, టాంగ్‌లు ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీతో కొలిచినప్పుడు ఐటీఓ పని ప్రమేయం 4.4 నుంచి 4.5 ఎలక్ట్రాన్ వోల్టులని తేలింది. ఎన్‌పీబీలో హోల్స్ ప్రవేశించవలసిన హోమో స్థాయి (అణువులో ఎలక్ట్రాన్లు నిండిన అత్యున్నత శక్తి స్థాయి) సుమారు 5.4 వద్ద ఉంటుంది. అంటే దాదాపు ఒక ఎలక్ట్రాన్ వోల్టు ఎత్తున్న అడ్డుగోడ. యూవీ–ఓజోన్ లేదా ఆక్సిజన్ ప్లాస్మా చేసిన తరువాత ఐటీఓ పని ప్రమేయం సాధారణంగా 4.7 నుంచి 5 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యకు పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణ శక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే కనుక, అడ్డుగోడ 0.3 తగ్గితే సిద్ధాంతరీత్యా దాన్ని దాటే హోల్స్ సంఖ్య లక్ష రెట్లు పెరగాలి. సేంద్రియ పొరల్లో శక్తి స్థాయిలు చెల్లాచెదురుగా ఉండటం వల్ల వాస్తవంలో అంత పెరుగుదల కనిపించదు. అయినా ఒకటి రెండు వోల్టుల తేడా రావడానికి అది చాలినంత.

పని ప్రమేయం పెరగడానికి కార్బన్ పోవడం ఒక కారణమైతే, ఉపరితలానికి ఆక్సిజన్ చేరడం రెండవ కారణం. నగోయాకు చెందిన సుగియామా, ఇషీ, ఔచి, సెకీలు 2000లో శుభ్రపరిచే పద్ధతిని బట్టి ఐటీఓ పని ప్రమేయం ఎలా మారుతుందో పరిశీలించారు. అదే సంవత్సరం మిలిరన్, హిల్, షెన్, కాన్, ష్వార్ట్జ్‌ల బృందం, ఉపరితలాన్ని ఆక్సీకరించడం వల్లనే ఐటీఓ హోల్స్‌ను ఇవ్వడానికి సిద్ధమవుతుందని చూపింది. ఆక్సీకరణలో రుణావేశం గల ఆక్సిజన్ ఉపరితలం మీద నిలిచి, ఋణధ్రువం బయటి వైపుకు ఉన్న ద్విధ్రువ పొరను ఏర్పరుస్తుంది. ఆ పొర ఎలక్ట్రాన్‌ను బయటికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది కాబట్టి పని ప్రమేయం పెరుగుతుంది. ఒక్క పరమాణువు మందం కూడా సరిగా లేని పొర ఇది. గాలిలోని హైడ్రోకార్బన్లు, ద్రావణాల ఆవిరి, పంపు నూనె ఆవిరి, తేమ, వీటిలో ఏది చేరినా ఆ అమరిక చెదురుతుంది. పైగా అంత శుభ్రమైన, అధిక ఉపరితల శక్తి గల ఐటీఓ గాలిలోని అణువులను మామూలు గాజు కంటే ఆత్రంగా పట్టుకుంటుంది.

మీ ప్లాస్టిక్ పెట్రీ డిష్ కూడా నాకు అనుమానంగానే ఉంది. ప్లాస్టిక్ నుంచి వెలువడే చిన్న సేంద్రియ అణువులకు మూత ఉన్న డిష్ మంచి గూడు. వెంటనే ఛాంబర్‌లోకి వెళ్లే పలకకు గాజు డిష్‌ను వాడండి, ఒకటి రెండు రోజులు ఆగవలసిన పలకను అసలు శుద్ధి చేయకుండానే ఉంచండి.

సమయం పెంచితే ప్రయోజనం ఉంటుందా అన్నారు. ముందు కడగడం సరిగా జరిగితే 10 నుంచి 20 నిమిషాల్లో పని ప్రమేయం స్థిరపడుతుంది. గంటసేపు ఉంచడం వల్ల పెద్దగా వచ్చేదేమీ లేదు. దుమ్ము, లవణాలు, డిటర్జెంటులోని ఖనిజ భాగాలు, ఎచింగ్ (ఐటీఓను గీతలుగా తొలిచే పని) తరువాత మిగిలిన లోహపు మరకలు ఓజోన్‌తో పోవు. అవి తడి శుద్ధిలోనే పోవాలి. ఓజోన్‌ను పీల్చడం హానికరం. పని చేసే చోట ఎనిమిది గంటల సగటు సాంద్రత పది లక్షల భాగాలకు 0.1 భాగం మించకూడదని పరిమితి ఉంది. దీపం ఆపిన వెంటనే పెట్టె తెరవకుండా వాయువు బయటికి వెళ్లేదాకా ఆగండి, వెలుగుతున్న దీపాన్ని కంటితో చూడకండి.

శూన్యకోశం

పలుచని_పొర గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. నేను డిస్‌ప్లే తయారీ రంగంలో పనిచేస్తున్నాను, అందువల్ల ప్లాస్మా సంగతీ షార్టుల సంగతీ చెబుతాను.

ఆక్సిజన్ ప్లాస్మాకు ఈ రంగంలో గట్టి పునాది వేసిన పని 1997లో ప్రిన్స్‌టన్‌కు చెందిన సి.సి. వూ, సి.ఐ. వూ, స్టర్మ్, కాన్‌లు ప్రచురించినది. ఐటీఓకు ఆక్సిజన్ ప్లాస్మా చేస్తే పరికరం సామర్థ్యం, ప్రకాశం, నమ్మకత్వం మూడూ మెరుగవుతాయని వారు చూపారు. కేంబ్రిడ్జిలో కిమ్, ఫ్రెండ్, కాచ్చియాలి తదితరులు ఆమ్లాలతో, యాంత్రికంగా, ప్లాస్మాతో చేసిన శుద్ధులను పోల్చి చూసినప్పుడు కూడా ఆక్సిజన్ ప్లాస్మాకే మంచి ఫలితం వచ్చింది. ప్లాస్మా వేగంగా పనిచేస్తుంది, కొన్ని పదుల సెకన్ల నుంచి కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. కానీ రెండు పద్ధతులూ చివరికి చేరే ఉపరితలం ఒకే జాతిది. యూవీ–ఓజోన్‌తో రోజంతా ఆగిన పలకకు వచ్చే సమస్య, ప్లాస్మాతో రోజంతా ఆగిన పలకకూ వస్తుంది. అందుచేత, యంత్రం కొనాలన్న నిర్ణయాన్ని ఈ ఒక్క సమస్య మీద ఆధారపడి తీసుకోవద్దని నా గట్టి సలహా.

ప్లాస్మా యంత్రం మరొక చోట అందుబాటులో ఉంటే అడగవలసిన ప్రశ్న, ఆ ఛాంబర్‌లో అంతకుముందు ఏ పని చేశారన్నది. ఫ్లోరిన్ వాయువులతో ఎచింగ్ చేసే ఛాంబర్‌లో మీ ఐటీఓ పెడితే గోడల మీద ఉన్న ఫ్లోరిన్ మీ పలక మీదకు చేరుతుంది. ఫ్లోరిన్ చేరిన ఐటీఓ పని ప్రమేయం ఇంకా పెరగవచ్చు, అప్పుడు ఫలితం బాగుందనే అనిపిస్తుంది. ఎవరో ఛాంబర్ శుభ్రం చేసిన మరుసటి వారం అదే ఫలితం రాదు. శక్తిని ఎక్కువగా పెంచితే అయాన్లు ఉపరితలాన్ని కొట్టి గరుకు చేస్తాయి. ఆర్గాన్ ప్లాస్మా మలినాన్ని తొలగిస్తుంది గానీ ఉపరితలానికి ఆక్సిజన్‌ను చేర్చదు, కనుక హోల్స్ విషయంలో ఆక్సిజన్‌కు ప్రత్యామ్నాయం కాదు.

ఇక మీ షార్ట్ అయిన పిక్సెళ్లు. దీన్ని వోల్టేజి సమస్యతో కలపకండి. మీ సేంద్రియ పొరలన్నీ కలిపి 100 నానోమీటర్లు. ఐటీఓ ఒక్కటే 150 నానోమీటర్లు. ఐటీఓను గీతలుగా ఎచింగ్ చేసిన చోట దాని అంచు 150 నానోమీటర్ల నిట్టనిలువు మెట్టుగా నిలుస్తుంది. దాని పక్కన సేంద్రియ పొర పలుచబడుతుంది, అల్యూమినియం ఆ అంచు మీదుగానే పోతుంది. జింక్ పొడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఎచింగ్ చేసేవారికి ఈ అంచు ఇంకా చిందరవందరగా వస్తుంది, జింక్ రేణువులు మిగలడం కూడా మామూలే. ఏ ఓజోనూ ఈ అంచును నునుపు చేయలేదు. డిస్‌ప్లే ప్యానెళ్లలో పిక్సెల్ చుట్టూ ఆ అంచును ఒక అవాహక పాలిమర్ పొరతో కప్పివేస్తారు. ప్రయోగశాలలో ఫోటోరెసిస్టుతో గానీ పాలీఇమైడ్‌తో గానీ అదే పని చేయవచ్చు. అది వీలుకాకపోతే అల్యూమినియం వేసేటప్పుడు వాడే మాస్క్‌ను ఎచింగ్ అంచు వీలైనంత తక్కువగా తగిలేలా మార్చుకోండి.

అంచు దగ్గర కాకుండా మధ్యలో షార్ట్ వస్తుంటే రెండు కారణాలు వెదకాలి. ఐటీఓ ఉపరితలం మీద మొనదేలిన స్ఫటికాలు ఉండటం ఒకటి. పరమాణు బల సూక్ష్మదర్శినితో చూసినప్పుడు సగటు గరుకుదనం ఒకటి రెండు నానోమీటర్లు ఉండటం చాలదు, ఎత్తైన మొనలు ఎంత ఉన్నాయన్నది చూడాలి. రెండవది దుమ్ము. ఊదడానికి మీరు వాడుతున్నది నైట్రోజన్ సిలిండరా, కంప్రెసర్ గాలా అన్నది మీరు చెప్పలేదు. కంప్రెసర్ గాలిలో నూనె తుంపరలు ఉంటాయి. యూవీ–ఓజోన్ తరువాత కంప్రెసర్ గాలితో ఒక్కసారి ఊదినా చేసిన శుద్ధి అంతా వృథా అయినట్లే. శుద్ధి తరువాత ఆల్కహాల్‌తో మరొకసారి తుడిచే అలవాటు కొన్ని చోట్ల చూశాను, అది కూడా మానాలి.

రసాయనశాల

పై ఇద్దరూ ఐటీఓను ఉన్నదున్నట్లుగా ఉంచి తాజాగా వాడమంటున్నారు. రసాయన శాస్త్రం వైపు నుంచి వేరొక మార్గం సూచిస్తాను. ఐటీఓ పని ప్రమేయం గంటకొక విధంగా మారుతుంటే, దాన్ని మరొక పొరతో కప్పి, హోల్స్‌ను ఇచ్చే బాధ్యతను ఆ పొరకు అప్పగించవచ్చు కదా?

1996లోనే తొకితో, నోదా, తగాలు వనేడియం, మాలిబ్డినం, రుథేనియం ఆక్సైడ్లను ఐటీఓ మీద పలుచని పొరలుగా వేసి వోల్టేజిని తగ్గించారు. మాలిబ్డినం ట్రైఆక్సైడ్ మీ ఛాంబర్‌లో ఉన్న బోటులోనే (పదార్థాన్ని ఉంచే చిన్న పాత్రలోనే) వేడిచేసి వేయగల పదార్థం. శూన్యంలో తాజాగా వేసినప్పుడు దాని పని ప్రమేయం 6.8 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా ఉంటుంది. కొద్ది నానోమీటర్లు వేసి, శూన్యం చెడకుండా వెంటనే ఎన్‌పీబీ వేస్తే, ఐటీఓ ఎంతసేపు ఆగిందన్న ప్రశ్న ప్రాముఖ్యం చాలావరకు తగ్గుతుంది. శూన్యం చెడనివ్వకూడదన్న మాట ముఖ్యం. గాలి తగిలితే మాలిబ్డినం ట్రైఆక్సైడ్ పని ప్రమేయం కూడా ఒక ఎలక్ట్రాన్ వోల్టు కంటే ఎక్కువగా పడిపోతుంది.

ద్రావణం నుంచి వేసేవారు పెడాట్–పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్‌ను వాడతారు. అది ఐటీఓ మీది చిన్న గరుకుదనాన్ని కప్పుతుంది, పని ప్రమేయం 5 పైన ఉంటుంది. అయితే పీఎస్ఎస్ బలమైన ఆమ్లం. అది ఐటీఓను నెమ్మదిగా కరిగించి ఇండియంను పాలిమర్ పొరలోకి లాగుతుందని, తేమ ఉంటే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుందని 2000లో డి యోంగ్ తదితరులు చూపారు. తీర ప్రాంతపు వర్షాకాలంలో గ్లవ్ బాక్స్ (తేమ చొరబడని మూసిన పెట్టె) లేకుండా పెడాట్ పొరను పూర్తిగా ఆరబెట్టడం కష్టమే కనుక మీకు దాన్ని సిఫారసు చేయను.

ఉపరితలానికి అణువులను బంధించే పద్ధతులూ ఉన్నాయి. న్యూష్ తదితరులు ఐటీఓను ఆమ్లాలలో, క్షారాలలో ముంచి, ఆమ్లంతో పని ప్రమేయం పెరుగుతుందని, క్షారంతో తగ్గుతుందని చూపారు. ఫాస్ఫోనిక్ ఆమ్లపు అణువులు ఐటీఓను గట్టిగా పట్టుకుని ఒక్క అణువు మందపు పొరగా నిలుస్తాయి. వాటికి ఫ్లోరిన్ గల భాగాలను చేర్చి పని ప్రమేయాన్ని పెంచవచ్చు, వేరే భాగాలతో తగ్గించవచ్చు. టొరంటోలో హెలాండర్, జెంగ్-హాంగ్ లూ తదితరుల బృందం 2011లో చేసిన పని నాకు చాలా ఇష్టం. వారు డైక్లోరోబెంజీన్ సమక్షంలో ఐటీఓ మీద అతినీలలోహిత కాంతి వేసి ఉపరితలానికి క్లోరిన్‌ను బంధించారు. పని ప్రమేయం 6.1 ఎలక్ట్రాన్ వోల్టులు దాటింది, పారదర్శకత, వాహకత దెబ్బతినలేదు. హోల్స్‌ను నేరుగా కాంతినిచ్చే పొరకే అందించగలిగేంత లోతైన స్థాయి అది. మధ్యలో ఉండే పొరలే అవసరం లేకుండా ఇంత సరళమైన పరికరం చేయగలగడం ఉపరితల రసాయన శాస్త్రం సాధించిన గొప్ప ఫలితమని నేను నమ్ముతాను. మీకు అది వెంటనే చేయదగినది కాకపోవచ్చు. ద్రావణం విషపూరితం, పొగగూడు (ఫ్యూమ్ హుడ్) తప్పనిసరి.

పలుచని_పొర

రసాయనశాల గారి సూచన పరికరాన్ని బాగు చేయడానికి సరైనదే. అయితే కాంతిరేఖ గారు మాలిబ్డినం ట్రైఆక్సైడ్‌ను ఇప్పుడే వేయకూడదని నా అభిప్రాయం. తేడాకు కారణం శుద్ధి తరువాతి ఆలస్యమా, ఛాంబర్‌లోని మరొక అంశమా అన్నది ఇంకా తేలలేదు. ఆక్సైడ్ పొర ఆ రెంటినీ కప్పివేస్తే, కారణం తెలియకుండానే లక్షణం పోతుంది. ఎన్‌పీబీ బోటులో పదార్థం తగ్గేకొద్దీ మందం మారుతోందా, మందం కొలిచే క్వార్ట్జ్ స్ఫటికం పాతబడిందా అన్న ప్రశ్నలకు కూడా చివరి పరికరాల్లో వోల్టేజి పెరగడమే జవాబుగా కనిపించవచ్చు.

హోల్స్ ఎంత సులభంగా చేరితే అంత మంచిదన్న భావనతో కూడా కొంత జాగ్రత్త అవసరం. ఎన్‌పీబీ–ఏఎల్‌క్యూ3 పరికరంలో హోల్స్ సహజంగానే ఎలక్ట్రాన్ల కంటే ఎక్కువ. ఎలక్ట్రాన్ తోడు దొరకని హోల్స్ ఏఎల్‌క్యూ3లోకి చేరితే ఏర్పడే ధనావేశిత అణువులు అస్థిరమని, పరికరం క్షీణించడానికి అదే మూలమని 1999లో అజీజ్ తదితరులు చూపారు. 1996లో వాన్‌స్లైక్, చెన్, టాంగ్‌లు ఐటీఓ మీద కాపర్ థాలోసయనిన్ పొర వేసి పరికరం ఆయుష్షును బాగా పెంచారు. ఆ పొర హోల్స్‌ను వేగవంతం చేయడం కంటే అదుపులో ఉంచడమే చేస్తుంది. కనుక ఏ శుద్ధిని మరొకదానితో పోల్చినా వోల్టేజి ఒక్కటే కాక, ఒకే విద్యుత్ సాంద్రత వద్ద ఆంపియరుకు ఎన్ని కాండెలాలు వస్తున్నాయో, గంటలు గడిచేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతోందో కూడా నమోదు చేయాలి.

కాంతిరేఖ

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మేము ఊదడానికి వాడుతున్నది కంప్రెసర్ గాలే, దాన్ని వెంటనే మారుస్తాము. అంచు మెట్టు సంగతి మా బృందంలో ఎవరూ ఆలోచించలేదు. షార్ట్ అయిన పిక్సెళ్లను సూక్ష్మదర్శినిలో చూస్తే కాలిన మచ్చలు ఎక్కువగా ఐటీఓ గీత అంచు వెంబడే ఉన్నాయి.

రెండు సందేహాలు మిగిలాయి. నీటి చుక్క పరచుకోవడాన్ని ప్రమాణంగా తీసుకోవచ్చా అన్నదానికి స్పష్టమైన జవాబు కావాలి. ఆలస్యమే కారణమని తేల్చడానికి మా వద్ద ఉన్న ఒకే ఛాంబర్‌తో ఏ ప్రయోగం చేస్తే అందరూ అంగీకరించే ఫలితం వస్తుంది?

పలుచని_పొర

నీటి చుక్క మీకు ఉపరితల శక్తిని చెబుతుంది, పని ప్రమేయాన్ని చెప్పదు. ఐటీఓ లేని ఉత్త గాజును యూవీ–ఓజోన్‌లో పెట్టినా నీరు అంతే చక్కగా పరచుకుంటుంది. కనుక స్పర్శ కోణం (చుక్క అంచు పలకతో చేసే కోణం) పెద్దగా ఉంటే శుద్ధి జరగలేదని కచ్చితంగా చెప్పవచ్చు, చిన్నగా ఉంటే హోల్స్ బాగా చేరతాయని చెప్పలేము. అయినా అది చవకైన, ఉపయోగపడే కొలతే. మైక్రోపిపెట్‌తో రెండు మైక్రోలీటర్ల చుక్క వేసి, పలకతో సమాన ఎత్తులో ఫోన్ కెమెరా ఉంచి, వెనుక నుంచి తెల్లని వెలుగు పడేలా ఫోటో తీసి, చుక్క అంచు వద్ద కోణం కొలవండి. తాజాగా శుద్ధి చేసిన ఐటీఓ మీద అది 10 డిగ్రీల లోపు ఉండాలి. మీ పెట్రీ డిష్‌లో గంట, నాలుగు గంటలు, ఒక రోజు ఉన్న పలకల మీద అదే కొలవండి. ఉపరితలం ఎంత వేగంగా మలినాన్ని పట్టుకుంటోందో మీ గది గాలిలోనే తెలుస్తుంది. నీరు వేసిన పలకను మాత్రం పరికరానికి వాడకండి, దాని కోసం వేరే పలకలు కేటాయించండి.

ఇక ప్రయోగం. పలకలన్నిటినీ ఒకేసారి కడగండి గానీ, యూవీ–ఓజోన్‌ను మాత్రం ఛాంబర్‌లో పెట్టబోయే పలకకే, పెట్టడానికి ముందే చేయండి. ఇలా చేసినప్పుడు ఛాంబర్‌లోని వరుస మారదు, బోటు వాడకం మారదు, మారేది ఆలస్యం ఒక్కటే. చివరి పరికరం కూడా 3 వోల్టుల వద్ద వెలిగితే ఆలస్యమే కారణమని తేలుతుంది. అప్పటికీ వోల్టేజి పెరుగుతూనే ఉంటే ఐటీఓను వదిలి ఎన్‌పీబీ మందాన్ని, శూన్యం స్థాయిని చూడాలి. మొదటిది తేలిన తరువాత, ఒక పలకను కావాలనే రాత్రంతా గాజు డిష్‌లో ఉంచి, మరునాడు ఉదయం తాజా పలకతో పాటు పోల్చండి. పాత వోల్టేజి తిరిగి రావాలి. రెండు దిశల్లోనూ ఫలితం వస్తే మీ ప్రయోగశాలలో ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇంకా స్పష్టత కావాలంటే హోల్స్ మాత్రమే ప్రవహించే పరికరం చేయండి. ఐటీఓ మీద 100 నుంచి 200 నానోమీటర్ల ఎన్‌పీబీ వేసి, పైన బంగారం వేస్తే చాలు. ఎలక్ట్రాన్లు దాదాపుగా ప్రవేశించవు కాబట్టి, విద్యుత్తులో వచ్చే తేడా అంతా ఐటీఓ–ఎన్‌పీబీ సంపర్కానిదే. ఏఎల్‌క్యూ3, లిథియం ఫ్లోరైడ్, అల్యూమినియం తెచ్చే అనిశ్చితి దీనిలో ఉండదు. ఐటీఓను ధనాత్మకంగా పెట్టి ఒకసారి, బంగారాన్ని ధనాత్మకంగా పెట్టి ఒకసారి కొలవండి. బంగారం వైపు నుంచి వచ్చే విద్యుత్తు పలక పలకకూ మారకుండా, ఐటీఓ వైపు నుంచి వచ్చేది మాత్రమే మారితే దోషం ఎటువైపు ఉందో కొలత చెబుతుంది.

పని ప్రమేయాన్ని నేరుగా కొలవడానికి కెల్విన్ ప్రోబ్ ఉన్న విభాగం ఏదైనా దగ్గరలో ఉందేమో విచారించండి. అది గాలిలోనే పనిచేస్తుంది, తాజా గ్రాఫైట్ లేదా బంగారంతో ముందు సరిచూసుకోవాలి. ఎక్స్ కిరణ ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ కావాలంటే, ఇతర సంస్థల పరిశోధకులకు కూడా పరికరాలను అందుబాటులోకి తెచ్చే ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ, ఐఐటీ బాంబేలోనూ ఉంది. కానీ అక్కడికి పంపే పలక మీ పెట్టె నుంచి బయటికి వచ్చాక ప్రయాణంలో రోజులు గడుపుతుందని గుర్తుంచుకోండి. 285 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పెద్ద కార్బన్ శిఖరం కనిపించినంత మాత్రాన మీ శుద్ధి విఫలమైనట్లు కాదు. ఆ కొలతకు శుద్ధి అక్కడే చేయించుకోవాలి.

శూన్యకోశం

పలక పట్టే హోల్డర్ గురించి ఒక మాట చేర్చుతాను. ఒక్క పలక పట్టే హోల్డర్ స్థానంలో నాలుగు చిన్న పలకలు పట్టేదాన్ని మీ విశ్వవిద్యాలయ వర్క్‌షాపులోనే స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించుకోవచ్చు. నాలుగు పలకలకూ ఒకేసారి శూన్యం, ఒకే ఎన్‌పీబీ పొర లభిస్తాయి. ఒకదానికి యూవీ–ఓజోన్ చేయకుండా, ఒకదానికి ముందు రోజు చేసి, మిగిలిన రెంటికీ అప్పుడే చేసి పెడితే, పలుచని_పొర గారు చెప్పిన పోలిక ఒక్క ఎవాపరేషన్‌లోనే పూర్తవుతుంది. చేయించిన హోల్డర్‌ను లేత్ నూనె పూర్తిగా పోయేదాకా ద్రావణాల్లో కడిగి, శూన్యంలో వేడిచేసి వాయువులు వెళ్లగొట్టిన తరువాతే మొదటి పలకను అందులో పెట్టండి.